మైకు గొంతు, ఐసు పాట

చేపల రేవులో అతన్ని అందరూ మైకు అనే పిలిచేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, బ్యాంకువాళ్లు తప్ప దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. తెల్లారేసరికి పడవలు ఒడ్డుకు చేరి, బుట్టల్ని సిమెంటు గచ్చు మీద వరసగా దించగానే, అతను బోర్లించిన చెక్కపెట్టె ఎక్కి వేలం ఎత్తుకునేవాడు. ఎత్తుకున్నాడంటే ఇక చెవులు మూసుకోవాల్సిందే. రొయ్యల్ని పొగిడేవాడు, పీతల్ని పరిచయం చేసేవాడు, బేరగాళ్ల పిసినారితనాన్ని వాళ్ల మొహం మీదే నవ్వుతూ కడిగిపారేసేవాడు. "ఈ చేప కళ్లు చూడండయ్యా, మీ కళ్లకంటే తేటగా ఉన్నాయి!" అంటే వాళ్లు కళ్లు నులుముకుని మరీ పాట పెంచేవారు.

ఆ పెట్టెకు సరిగ్గా ఎదురుగా ఒక ఐసు మర ఉండేది. దిమ్మల్ని అందులో వేసి పొడి చేసి, చేపలు కొన్నవాళ్లకు అమ్మేవాడు మైకు స్నేహితుడు. అతని పేరూ ఐసే. మర చేసే మోతలో మాట్లాడటం దండగని ఎప్పుడో తేల్చుకున్నాడో, పుట్టుకతోనే అంతో గానీ, నోట్లో నాలుక లేని మనిషి. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. పంతులమ్మ ఐసును ప్రశ్న అడిగితే జవాబు మైకు చెప్పేవాడు. అది ఎప్పుడూ తప్పే అయ్యేది కాబట్టి దెబ్బలు ఇద్దరూ పంచుకునేవారు. ఆ స్నేహం అలాగే పెరిగి పెద్దదై, ఇద్దరికీ పెళ్లిళ్లయి, నెత్తిన తెల్లవెంట్రుకలు మొలిచేదాకా వచ్చింది.

ఒకరోజు ఐసు పని ఆపి మర పక్కన చెవిపెట్టి విన్నాడు. ఎక్కడో ఏదో అరిగి మోత పెరిగిందనుకున్నాడు. ఎందుకంటే రోజూ ఆ మోతను చీల్చుకుని వచ్చే మైకు గొంతు ఆ రోజు రాలేదు. తీరా చూస్తే మర నిక్షేపంగా ఉంది. పెట్టె మీద మైకు నోరు ఆడుతోంది, మెడనరాలు ఉబ్బుతున్నాయి, గొంతు మాత్రం గరుకు కాగితంతో కర్ర గీకినట్టు వస్తోంది.

"ఏమైందిరా?" అని అడిగాడు వేలం అయ్యాక.

"ఏముంది, చలిగాలి," అన్నాడు మైకు సిగరెట్టు వెలిగించుకుంటూ.

చలిగాలి పోయి ఎండలొచ్చినా గొంతు మాత్రం బాగుపడలేదు. రేవంతా వైద్యులైపోయారు. ఒకరు తేనె అన్నారు, ఒకరు వేడినీళ్లు అన్నారు, ఒకరు అసలు మాట్లాడటమే మానెయ్యమన్నారు. ఆ మూడోది తప్ప మైకు అన్నీ చేశాడు. ఐసు మాత్రం పొద్దున్నే అతన్ని చూడగానే ఒక్కటే ముక్క అనేవాడు: "డాక్టరు దగ్గరికి పోదాం." మైకు కూడా ఒక్కటే జవాబు చెప్పేవాడు: "సీజను అయిపోనీ."

చివరికి ఒక ఉదయం వేలం ముగిసి, బేరగాళ్లంతా ఐసు పొడి కోసం బుట్టలతో ఎగబడేసరికి, ఐసు మర కట్టేసి, తాళం జేబులో వేసుకుని, స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏంటయ్యా, కరెంటు పోయిందా?"

"లేదు. వాడు వ్యానెక్కితే ఇస్తా. ఆస్పత్రికి."

మొదట నవ్వారు. ఎండ ఎక్కేకొద్దీ నవ్వులు తగ్గాయి. గచ్చు మీద రొయ్యలు రంగు మారడం మొదలయ్యేసరికి అందరూ మైకు మీద పడ్డారు. "ఎక్కవయ్యా మహానుభావా! నీ గొంతు సంగతి తర్వాత, ముందు మా కొంప మునిగేలా ఉంది!" అంటూ అతన్ని రెక్క పట్టుకుని లాక్కెళ్లి ఐసు వ్యాను ముందుసీట్లో కూలేశారు. అప్పుడు ఐసు జేబులోంచి తాళం తీసి, మర దగ్గర తనకు సాయం చేసే భార్య చేతికిచ్చి, తాపీగా వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు.

"నువ్వు మనిషివేనా?" అన్నాడు మైకు.

ఐసు గేరు మార్చాడు.

గొంతు డాక్టరమ్మ పిట్టంత మనిషి. మైకు ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, పక్కనున్న తెర మీద చూపించింది. లోపల మాట పలికించే తీగలు రెండు తెల్లగా, తలుపు రెక్కల్లా కదులుతున్నాయి. ఒక రెక్క అంచున చిన్న మచ్చ గరుకుగా కనిపించింది. ఆవిడ తెరను దగ్గరికి లాక్కుని దాన్ని మరోసారి చూసింది. తర్వాత చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

ఫలితం వచ్చిన రోజు మైకు భార్య కూడా వెంట వెళ్లింది. ఆమె ఒక బట్టల కంపెనీలో కాలర్లు కుడుతుంది. మెషిను ముందు కూర్చుంటే చెయ్యి వణకదు గానీ, డాక్టరమ్మ "క్యాన్సర్" అన్న మాట అనగానే ఆమె చేతిసంచీ జారి కింద పడింది. లోపలి నాణేలు గదంతా దొర్లాయి. ఐసు వంగి వాటిని ఏరడం మొదలుపెట్టాడు. నిజానికి అతనికి అప్పుడు ఎవరికీ మొహం కనిపించకుండా ఉండటానికి అదొక్కటే దారి దొరికింది.

మైకు మాత్రం అలవాటు కొద్దీ, "ఎంత?" అన్నాడు.

"చాలా చిన్నది," అంది డాక్టరమ్మ. "ఒక తీగ మీదే ఉంది, ఎక్కడికీ పాకలేదు. రేడియేషన్ ఇద్దాం. వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు రావాలి. నయమయ్యే అవకాశం బాగా ఉంది. గొంతు కూడా చాలావరకు నిలబడుతుంది. సిగరెట్టు మాత్రం ఈ గది గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్లండి. ఇంత తొందరగా వచ్చేవాళ్లు తక్కువ తెలుసా? గొంతు బొంగురుపోతే అందరూ తేనె నాకుతూ నెలలు గడిపేస్తారు."

మైకు కిటికీ వైపు చూశాడు. భార్య మైకు వైపు చూసింది. ఐసు దొరికిన నాణేలు బల్ల మీద పెట్టాడు.

వైద్యానికి ఎంతవుతుందో వరండాలో చెప్పారు. అది విని మైకు అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని తన లెక్క తను చెప్పాడు: "సీజను ఇంకా ఉంది. ఇప్పుడు నేను పెట్టె దిగితే పడవలవాళ్లు వేరేవాణ్ణి ఎక్కిస్తారు. ఎక్కినవాడు దిగడు. సంపాదన లేకుండా వైద్యం ఎలా? సీజను అయ్యాక చూద్దాం."

"మీరు పోయాక ఆ పెట్టెను నేనేం చేసుకోను?" అంది భార్య కళ్లు తుడుచుకుంటూ.

"పోతానని డాక్టరమ్మ అన్లేదుగా!"

"ఆలస్యం చెయ్యమని కూడా అన్లేదు!"

ఇద్దరి మధ్యా కూర్చున్న ఐసు గొంతు సవరించుకున్నాడు. "నేను పాడతా."

"ఏం పాడతావు?"

"వేలం. నువ్వు వచ్చేదాకా."

మైకు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు తెరలోకి జారాడు. అతని భార్య కూడా ఏడుపు మధ్యలోనే ఫక్కుమంది. "మీరా అన్నయ్యా? మొన్న మా ఇంటికొచ్చి మంచినీళ్లు అడగడానికి మొహమాటపడి, దాహంతోనే వెళ్లిపోయారు కదా!"

"అది వేరు," అన్నాడు ఐసు గంభీరంగా.

సాయంత్రాలు మైకు ఇంటి ముందుగదిలో శిక్షణ మొదలైంది. చెప్పులు, దిండ్లు చేపల బుట్టలయ్యాయి. కాలేజీలో చదివే మైకు కూతురు బేరగాళ్లందరి పాత్రా ఒక్కతే వేసింది. మైకుకు మాట్లాడవద్దని డాక్టరమ్మ ఆజ్ఞ కాబట్టి స్పూనుతో పళ్లెం మీద కొడుతూ, చేతులు తిప్పుతూ, ఐసు తప్పు చేసినప్పుడల్లా నుదురు బాదుకుంటూ నేర్పించాడు.

"మావయ్యా, కొంచెం గట్టిగా! నాకే వినపడట్లేదు," అనేది కూతురు సోఫాలోంచి.

"అరుస్తూనే ఉన్నానమ్మా," అనేవాడు ఐసు చెమటలు కక్కుతూ.

మొదటిరోజు రేవులో జరిగింది తలుచుకుంటే ఐసుకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పెట్టె ఎక్కగానే కాళ్లు వణికాయి. వందల కళ్లు తననే చూస్తుంటే అంకెలన్నీ బుర్రలోంచి ఎగిరిపోయాయి. ఒక పెద్ద చేప బుట్టకు ఎనిమిది వందల దగ్గర మొదలుపెట్టి, ఎవరూ పలక్కపోయేసరికి కంగారులో "ఏడు వందలు?" అన్నాడు. బేరగాళ్లకు పండగే అయింది. వాళ్లు నోళ్లు కుట్టేసుకుని నిలబడ్డారు. ఐసు "ఆరు?" అన్నాడు. "ఐదు?" అన్నాడు. అందరికంటే ఎక్కువ పడవలున్న ఆవిడను రేవులో పడవల పిన్ని అంటారు. ఆవిడ గుంపును తోసుకుంటూ వచ్చి పెట్టెను ఒక్క తన్ను తన్నింది.

"ఏమయ్యోయ్, వేలం పాడమన్నానా, నా పడవ ముంచమన్నానా?"

ఐసు దిగి, తలొంచుకుని, "రేపు సరిగ్గా పాడతా పిన్నీ. ఈ వారమంతా మీ పడవలకు ఐసు ఊరికే ఇస్తా," అన్నాడు. పిన్ని అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. మైకు సంగతి ఆవిడకు తెలుసు. "ఈ వారం చూస్తా. తర్వాత నా దారి నేను చూసుకుంటా," అని వెళ్లిపోయింది.

మర్నాడు ఐసు భార్య ఒక పని చేసింది. వేలం జరుగుతున్నంతసేపూ ఐసు మర ఆపేసింది. రేవులో మోత ఒక్కసారిగా అణిగిపోయింది. అయినా ఐసు గొంతు మూడో వరస దాటలేదు. దాంతో వెనకున్న బేరగాళ్లు ముందుకు జరిగారు. ముందువాళ్లు మెడలు సాచారు. ఎవడైనా దగ్గితే పక్కవాడు "ష్!" అన్నాడు.

ఇక్కడే అసలు కథ మారింది. మైకు పాడేటప్పుడు ఆ హోరులో టోకు బేరగాళ్లు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకునేవారు. "ఇక్కడితో ఆపు, ఇది నాకొదిలెయ్, అది నువ్వు తీసుకో" అని పంచుకునేవారు. ధర అక్కడే చచ్చేది. ఇప్పుడు గుసగుసలాడితే నలుగురికీ వినపడుతోంది. ఒక టోకు వ్యాపారి పక్కవాడితో "నువ్వు ఊరుకో, నేను నాలుగు వందల్లో లాగేస్తా" అన్న మాట గచ్చంతా మోగింది. అందరూ అతని వైపు తిరిగారు. అతను ఎర్రబడి, ఏం చెయ్యాలో తోచక, "ఆరు వందలు" అన్నాడు.

"ఆరు వందలు," అన్నాడు ఐసు మెల్లగా, ఎవరికో ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు. "ఒకటోసారి."

"ఆరున్నర!" అన్నారు ఇంకోవైపునుంచి.

వారం తిరిగేసరికి పడవల పిన్ని సరుకుకి ముందెన్నడూ రాని ధర వచ్చింది. ఆవిడ ఐసు దగ్గరికొచ్చి, "మైకు పాడితే నా చెవులు పోయేవి. నువ్వు పాడితే సరుకు పోతోంది. కానియ్," అంది. ఆవిడ మెచ్చుకోవడం అంతవరకే.

వేలం మీద వచ్చే కమీషను ఐసు ఏ రోజుకారోజు తీసుకెళ్లి మైకు భార్య చేతిలో పెట్టేవాడు. మైకు కళ్లెర్రజేసి, పళ్లెం మీద స్పూనుతో టంగుటంగున కొట్టి వద్దనేవాడు. "పెట్టె నీది, పాట నీది. నేను గొంతు అరువిచ్చానంతే," అనేవాడు ఐసు. అయినా ఆస్పత్రి ఖర్చు మొత్తానికి అది చాలేది కాదు. ఆస్పత్రిలో సాయం అడిగే గది ఒకటుందని డాక్టరమ్మ చెప్పినా మైకు వినలేదు. పాట పెంచడమే గానీ తగ్గించమని అడగడం తన ఇంటావంటా లేదని గుసగుసగా చెప్పి ముసుగు తన్నాడు. దాంతో అతని భార్యా, ఐసూ కాగితాలు పట్టుకుని వెళ్లారు.

ఆ గదిలో ఉన్న ఉద్యోగిని అన్నీ చదివి, "వైద్యం మొదలుపెట్టకముందే రావాల్సింది. ఇలాంటివాళ్ల కోసమే నిధి ఉంది. సగం మేం భరిస్తాం," అంది.

ఐసుకు అప్పటికే అలవాటు ముదిరిపోయింది. "సగం," అన్నాడు నెమ్మదిగా. "ఒకటోసారి."

మైకు భార్య అతని మోచేతిని గిల్లింది. ఉద్యోగిని మొదట తెల్లబోయి, సంగతి తెలిశాక కళ్లజోడు తీసి నవ్వింది. నవ్వు ఆగాక కాగితాలు మళ్లీ తిరగేసి, స్కానుల ఖర్చు కూడా అందులో కలపొచ్చని తేల్చింది. "ఇక మూడోసారి కొట్టెయ్యండి," అని సంతకం చేసింది.

వేలం కాగానే ఐసు రోజూ వ్యానులో మైకును రేడియేషన్‌కు తీసుకెళ్లేవాడు. మొహం, భుజాలు కదలకుండా తెల్లటి వలలాంటి తొడుగు బిగించి, అతన్ని బల్లకు కట్టి పడుకోబెట్టేవారు. కాసేపటి పనే. వలలో పడ్డ చేప బాధ ఇప్పుడు తెలిసిందని మైకు సైగలు చేస్తే టెక్నీషియన్లు నవ్వేవారు. కానీ వారాలు గడిచేకొద్దీ గొంతు లోపల పుండులా అయింది. మింగడం కష్టమైంది. మెడ మీద చర్మం కమిలింది. మైకు సైగలు తగ్గించేశాడు.

ఒకరోజు వ్యాను వాకిట్లో హారన్ కొడుతున్నా అతను రాలేదు. లోపలికెళ్లి చూస్తే మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. భార్య గుమ్మం దగ్గర నిలబడి, ఇక నా వల్ల కాదన్నట్టు చేతులెత్తేసింది.

ఐసు వెళ్లి పక్కన కూర్చున్నాడు. మైకు గాలిలాంటి గొంతుతో అన్నాడు: "ఇంత చేసినా గొంతు రాకపోతే? అప్పుడు నేనెవర్నిరా? పేరులోనే మైకు."

జీవితంలో మొదటిసారి మైకుకు ఒక ప్రశ్న పడింది, జవాబు చెప్పాల్సిన వంతు ఐసుది అయింది.

"నాకు తెలీదురా," అన్నాడు. "కానీ ఒకటి చెప్తా. అందరూ నేనేదో బ్రహ్మాండంగా పాడుతున్నాననుకుంటున్నారు. రోజూ పెట్టె ఎక్కగానే నా కాళ్లు గజగజ వణుకుతాయి. పొద్దున్న కడుపులోకి ఏదీ దిగదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. నువ్వొస్తావనే ధైర్యంతోనే ఎక్కుతున్నా. నువ్వు గొంతుతో వస్తావో, గొంతు లేకుండా వస్తావో నాకనవసరం. నువ్వు ఎదురుగా ఉండాలి. అంతే."

అంత పెద్ద మాట ఐసు నోటినుంచి రావడం మైకు ఎప్పుడూ వినలేదు. అతను మెల్లగా ఇటు తిరిగాడు.

"నిజంగా వణుకుతాయా?"

"ప్యాంటు వదులుది వేసుకుంటున్నా, కనపడకుండా."

మైకు పెదవుల మీద చిన్న కదలిక కనిపించింది. లేచి చెప్పులు వెతుక్కున్నాడు. "చూసి తీరాలి," అని గాలి గొంతుతోనే అని వ్యానెక్కాడు.

మిగిలిన వారాలు గడిచాయి. గొంతు పుండు మానింది, మింగడం తేలికైంది. కొంతకాలం తర్వాత డాక్టరమ్మ మళ్లీ గొట్టం దింపి చూసి, తెర మీద శుభ్రంగా ఉన్న రెండు తీగల్నీ చూపించింది. "ప్రస్తుతానికి ఏమీ లేదు. కొన్నేళ్లపాటు చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. మాట్లాడొచ్చు. అరవకూడదు," అంది. మైకు "అలాగే" అన్నాడు. ఆ రెండో మాటకు అలాగే అన్నాడా అని భార్య మూడుసార్లు రెట్టించి అడిగింది.

తిరిగొచ్చిన గొంతు పాతది కాదు. లోతుగా, కాస్త బొంగురుగా, బావిలోంచి వచ్చినట్టుండేది. బేరగాళ్లంతా చందాలు వేసుకుని మెడలో తగిలించుకునే చిన్న మైకు కొనిచ్చారు. మొదటిరోజు అది కుయ్యోమని అరిస్తే పక్షులన్నీ ఎగిరిపోయాయి. ఐసు సంతోషంగా తన మర దగ్గరికి వెళ్లిపోబోయాడు గానీ పడవల పిన్ని అడ్డం వచ్చింది. తన సరుకు మాత్రం ఐసే పాడాలంది. మైకు రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు పంపకానికి ఒప్పుకున్నాడు. పిన్ని పడవలు ఐసువి, మిగతావి మైకువి. ఐసు కాళ్లు వణుకుతున్నాయో లేదో చూడటానికి మైకు రోజూ పెట్టె పక్కనే నిలబడేవాడు. వణికేవి, కానీ తక్కువ.

తర్వాతి పరీక్షకు ఇద్దరూ ఆస్పత్రిలో కూర్చుని ఉండగా, పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి పళ్ల సంచీతో కనిపించాడు. లోపల ఉన్న బావమరిదిని చూడటానికి వచ్చాడట. ఆ మాట చెప్పడానికే మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి ఆ గొంతు?" అన్నాడు మైకు.

"ఇదా? ఏముందండీ, ఓ రెండు నెలలుగా. జలుబు."

మైకు లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. "పదండి."

"ఎక్కడికండీ? మా బావమరిది..."

"ఆయన ఎక్కడికీ పోడు. చీటీ రాయించుకునేది ఇటు."

పెద్దమనిషి దిక్కుతోచక ఐసు వైపు చూశాడు. ఐసు అప్పటికే అతని పళ్ల సంచీ అందుకుని, కౌంటరు ముందు వరసలో నిలబడ్డాడు.